బిందెల కవిత

రేచల్ రాసిన కవితను శ్యాంసన్ వేలం వేసి పారేశాడు.

నిజానికి తప్పు అతనిది కాదు, అతని గొంతుది. గిద్దలూరు కూరగాయల మండీలో సుబ్బన్న దగ్గర రోజూ పొద్దున్నే టమాటా వేలం పిలిచే పని అతనిది. అక్కడ గుక్క తిప్పుకుంటే పని చెడిపోతుంది. ఆ గొంతుతోనే ఒక ఆదివారం మధ్యాహ్నం మార్కాపురంలో, పలక కవుల కూటమి సమావేశంలో, కంభం చెరువు మీద ఒకమ్మాయి తీరిగ్గా రాసుకున్న కవితను ఊపిరి పీల్చకుండా చదివేశాడు. చివరి మాట దగ్గర గొంతు పైకి లేచి, ఇక మూడోసారి అనడమే తరువాయి అన్నట్టు ఆగింది. హాలంతా నవ్వింది.

ఆ కూటమికి ఒక పద్ధతి ఉంది. ఎవరి కవిత వాళ్ళు చదవకూడదు. కవి సమ్మేళనాల సంగతి తెలిసిందే కదా. తన కవిత చదువుకుని, శాలువా కప్పించుకుని, ఫోటో దిగి, బస్సుకు టైమైందని జారుకునే కవులే ఎక్కువ. ఆఖరున చదివేవాడికి ఖాళీ కుర్చీలే శ్రోతలు. రిటైరైన తెలుగు మాస్టారు గురవయ్య దీనికి మందు కనిపెట్టారు. అందరూ తమ కవితలను పేరు లేకుండా ఒక గంపలో వేయాలి. ఒక్కొక్కరూ వచ్చి చేతికి దొరికింది తీసి చదవాలి. చదవడం అయ్యాక రాసినవాళ్ళు లేచి 'నాది' అనాలి. తన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఏ కవీ కదలడు.

రేచల్ లేచి, "నాది" అంది. ఆ ఒక్క మాటలో ఎంత కోపం పట్టిందో శ్యాంసన్‌కు అర్థమైంది. అతను కూటమికి కొత్త, రావడం అదే మొదటిసారి.

టీ ఇచ్చే దగ్గర ఆమే అతని ముందుకొచ్చి నిలబడింది.

"బ్రదర్, ఒక మాట. నా కవితను ఎంతకు కొట్టేసినారు పాట?"

"సారీ అండీ. నాకు చదవడం అట్లనే వస్తుంది."

"బాక్సు మూత తీసి రెండు కాయలు చేతికియ్యకపోయినారా? ఇంకొంచెం ఎక్కువ పలికేది."

శ్యాంసన్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆమె కళ్ళు పెద్దవి. కోపంలో ఇంకాస్త పెద్దవయ్యాయి. వాటిని చూస్తూ టీ సంగతి మరిచిపోయాడు. అయితే 'బ్రదర్' అన్న ఆ పిలుపు మాత్రం అతనికి చెప్పులో రాయిలా తగులుతూనే ఉంది. ఇద్దరివీ చర్చికి వెళ్ళే కుటుంబాలే. వాళ్ళలో ఆ పిలుపు మామూలే. అయినా ఈ అమ్మాయి నోట మామూలుగా వినబుద్ధి కాలేదు.

టీ అయ్యాక రేచల్ వంతు వచ్చింది. గంపలో చెయ్యి పెట్టి ఒక కాగితం తీసింది. దూరం నుంచే శ్యాంసన్ తన చేతిరాతను గుర్తుపట్టాడు. అయిపోయింది, ఇప్పుడు నా మీద బదులు తీర్చుకుంటుంది అనుకున్నాడు. ఆ కవిత ఎవరిదో ఆమెకు తెలియదన్న సంగతి కూడా ఆ కంగారులో గుర్తు రాలేదు.

అప్పుడే రేకుల కప్పు మీద వాన మొదలైంది. రేచల్ ఒక్క క్షణం వానను విని, ఆ చప్పుడు కింద గొంతును పరిచినట్టు చదవసాగింది.

"పగలు మా వీధిలో మనుషులుండరు,
బిందెలుంటాయి వరుసగా.
పచ్చది ఎల్లమ్మత్త, ఎర్రది రామయ్య మామ,
సొట్టపోయింది మా అమ్మ.
ట్యాంకరు వచ్చేదాకా
అవే మాట్లాడుకుంటాయి.
ఎవరి వంతూ ఎవరూ దాటరు.
కూలి నుంచి అమ్మ వచ్చేసరికి
అమ్మ నిలబడే ఉంటుంది."

కొనకనమిట్ల దగ్గర తన ఊరి చర్చిలో పదో తరగతి నుంచీ ఆదివారం బైబిల్ వాక్యం చదివేది రేచలే. ఎక్కడ ఆగాలో, ఆగినచోట ఎంతసేపు ఉండాలో ఆమెకు తెలుసు. 'అమ్మ నిలబడే ఉంటుంది' అన్నాక హాల్లో వాన తప్ప ఇంకేమీ వినిపించలేదు. తను రాసింది ఇంత బాగుందా అని శ్యాంసన్ ఆశ్చర్యపోయాడు. చంద్రశేఖరపురం పక్క తన ఊరూ, ఊళ్ళో అమ్మా, ఆ సొట్ట బిందె కళ్ళ ముందుకొచ్చాయి.

"ఎవరిది నాయనా?" అని గురవయ్య మాస్టారు అడిగారు.

శ్యాంసన్ సగం లేచి కూర్చుండిపోయాడు. ఇందాక తనను చూసి నవ్విన హాలు ఇది. తను లేస్తే మళ్ళీ నవ్వుతారేమో, ఈసారి అమ్మను చూసి నవ్వుతారేమో అనిపించింది. ఇంతలో ఒక మూల రేకు కారడం, అందరూ కుర్చీలు జరుపుకోవడం, సభ చెదిరిపోవడం జరిగాయి. కూటమి పెట్టినప్పటి నుంచీ ఒక కవితకు సొంతదారు లేవకపోవడం అదే మొదలు.

అక్కడితో పోయేదే. కానీ ఎవరో ఆమె చదువుతుండగా తీసిన వీడియో ఫోన్ల మీద తిరుగుతూ ఒంగోలు చేరింది. అక్కడ రాష్ట్రస్థాయి కవి సమ్మేళనం పెడుతున్నవాళ్ళు గురవయ్య మాస్టారికి ఫోన్ చేశారు. బిందెల కవిత రాసిన ఆ అమ్మాయిని పంపండి, పడమటి మండలాల నుంచి ఒక్కరికే చోటుంది, సంకలనంలోనూ వేస్తాం అన్నారు. చదివేవాళ్ళు వేరు, రాసేవాళ్ళు వేరు అన్న మార్కాపురం పద్ధతి ఒంగోలు వాళ్ళకేం తెలుసు. ఆ వైపు కవులకు అలాంటి పిలుపు రావడం అరుదు. వచ్చినా వేదిక మీద పెద్దవాళ్ళు మాట్లాడడం అయ్యేసరికి మనవాళ్ళకు టైముండదు.

రేచల్ కూటమి వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. "అది నాది కాదు. రాసినోళ్ళు శనివారం లోపల చెప్పండి. చెప్పకుంటే ఆ చోటు వేరే వాళ్ళకిచ్చుకోమంటా. మందిది నాదని నేను పోను."

ఇద్దరు ముగ్గురు కవులు 'నాదే అయ్యుండవచ్చు, సరిగ్గా గుర్తు లేదు' అని జవాబు పెట్టారు. శ్యాంసన్ మాత్రం ఏమీ పెట్టలేదు. ఆమె గొంతునే మళ్ళీ మళ్ళీ విన్నాడు.

మంగళవారం మండీ పని ముగించుకుని, మార్కాపురం బస్సెక్కి, రేచల్ పనిచేసే ఫ్లెక్సీ షాపు ముందు దిగాడు. చెప్పేయాలనే వచ్చాడు.

"ఏంది బ్రదర్, ఇట్ల వచ్చినారు?"

"ఫ్లెక్సీ కావాల. సుబ్బన్న మండీ అని."

మరునాడు వచ్చి అక్షరాలు ఎర్రగా ఉండాలన్నాడు. ఆ మరునాడు వచ్చి ఎరుపు వద్దన్నాడు. శుక్రవారం ఇంకోటి కావాలన్నాడు.

"సుబ్బన్న గాని ఎలక్షన్లో నిలబడతాండాడా?" అని రేచల్ కంప్యూటర్ వెనక నుంచి అడిగింది. ఆమె నవ్వు దాచుకోవడం కూడా అతనికి కనిపించింది. అది తలుచుకుని సంతోషపడుతూ గిద్దలూరు చేరాక గాని, ఆ రోజూ చెప్పలేదని గుర్తు రాలేదు.

శనివారం అతను వెళ్ళేసరికి రేచల్ ఫోన్ చేతిలో పట్టుకుని ఉంది. ముఖం చిన్నబోయి ఉంది.

"ఫ్లెక్సీ సంగతి తర్వాత బ్రదర్. ఒంగోలుకు ఫోన్ చేస్తాండా, రాలేమని చెప్పేస్తా."

"చెప్పొద్దండి."

"ఎందుకు?"

"ఆ కవిత నాది."

రేచల్ ఫోన్ బల్ల మీద పెట్టి అతన్ని పైనుంచి కిందికి చూసింది. అతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

"మరి ఆ పొద్దు లేవలేదెందుకు?"

"మీరు చదివినప్పుడు అది నేను రాసినదాని కంటే బాగుండింది. నేను లేస్తే మళ్ళా టమాటా అయిపోతుందనుకున్నా."

నవ్వాలో కోప్పడాలో ఆమె తేల్చుకోలేకపోయింది. చివరికి కోపమే గెలిచింది.

"దావలో కనపడినోళ్ళంతా నన్ను మెచ్చుకుంటాండారు. చర్చిలో పాస్టర్ గారు కూడా. ఎవరి గొర్రెనో తోలుకొచ్చి మా దొడ్లో కట్టేసుకున్నట్టుండాది నాకు. మీరేమో రోజూ వచ్చి రంగులు మార్పిస్తాండారు."

"తప్పయింది. ఒంగోల్లో కూడా మీరే చదవండి. మన పద్ధతి అదే కదా."

"పారిపోయే కవుల కోసం పెట్టిన పద్ధతి అది. మీరు చదవకముందే పారిపోతాండారు."

రేచల్ ఫోన్ తీసి ఒంగోలుకు చేసింది. "రాసినాయన పేరు శ్యాంసన్ సార్. ఆయనే వచ్చి చదువుతాడు" అని చెప్పి పెట్టేసింది. అతన్ని ఒక్క మాట అడగలేదు.

అప్పటి నుంచీ సాయంత్రాలు పాఠాలు మొదలయ్యాయి. షాపు కట్టేశాక కొనకనమిట్ల బస్సు వచ్చేదాకా బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చునేవాళ్ళు. అతను ఒక చివర, ఆమె ఒక చివర, మధ్యలో ఆమె టిఫిన్ డబ్బా.

"అంత తొందర దేనికి? ఎవరు తరుముతాండారు?"

"మండీలో ఆగితే సరుకు పోతుంది. నేను గుక్క తిప్పుకునే లోపల ఇంకొకడు తగ్గించి అడుగుతాడు."

"ఇక్కడ ఎవరూ అడగరు. 'సొట్టపోయింది మా అమ్మ' అన్నాక ఆగండి. అందరూ వాళ్ళ అమ్మను చూసుకోవద్దా? వాళ్ళకు టైమియ్యండి."

అతను ఆగి చదవడానికి ప్రయత్నించాడు. ఆగిన ప్రతిచోటా ఆమె వైపు చూశాడు. అలా చూసినందుకే ఇంకోసారి చదవమనేది. ఒక రోజు తుంపర పడుతుంటే ఇద్దరూ షెడ్డు లోపలికి జరిగారు. డబ్బా మాత్రం బెంచీ మీదే ఉండిపోయింది. "శ్యాంసన్ గారూ, మళ్ళా మొదట్నుంచి" అంది రేచల్. బ్రదర్ అనలేదు. ఆమెకు తెలిసే అన్నదో, తెలియక అన్నదో గాని అతను మాత్రం మొదటి పంక్తి మరిచిపోయాడు.

ఒంగోలుకు రేచల్‌తో పాటు ఆమె తల్లి సువార్తమ్మ కూడా బయలుదేరింది. కూతురిని ఒంటరిగా పంపడం ఇష్టం లేక అని చెప్పింది గాని, రోజూ బస్సు దిగి నవ్వుతూ వస్తున్న కూతురికి కారణమెవరో చూడాలన్నది అసలు సంగతి. దారి పొడవునా కొంగు కప్పుకుని కునికిపాట్లు పడుతూనే ఉంది.

హాలు పెద్దది. ముందు వరుసల్లో శాలువాల వాళ్ళున్నారు. శ్యాంసన్ కవిత కాగితాన్ని రేచల్ చేతికివ్వబోయాడు.

"మీరే పోండి. నా వల్ల కాదు."

"నేను పోను. మీ అమ్మ వంతు అది. మీరు లేవకపోతే పోతుంది."

పేరు పిలిచారు. శ్యాంసన్ వెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. మొదటి రెండు పంక్తులు పాత అలవాటుతో ఉరికాయి. ముందు వరుసలో ఎవరో ఫోన్ చూసుకుంటూ చిన్నగా నవ్వారు. పచ్చ బిందె దాటింది, ఎర్ర బిందె దాటింది. 'సొట్టపోయింది మా అమ్మ' అన్నాడు, అన్నాక ఆగాడు.

ఆ నిశ్శబ్దం అతన్ని భయపెట్టింది. మండీలో అయితే ఈపాటికి సరుకు చేయి దాటిపోయేది. కానీ ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. నవ్విన మనిషి ఫోన్ ఒడిలో పెట్టుకుని తలెత్తాడు. హాలు మొత్తం కదలకుండా అతని తర్వాతి మాట కోసం చూస్తోంది. అమ్మ కోసం ఇంతమంది ఆగడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కళ్ళు చెమర్చాయి. మిగిలిన పంక్తులు ఒక్కొక్కటే, అమ్మ నడిచినంత నిదానంగా చెప్పాడు. చివర గొంతు పైకి లేవలేదు.

చప్పట్లు తగ్గాక నిర్వాహకుడు వచ్చి సంకలనానికి పేరు ఎలా వేయాలని అడిగాడు.

"శ్యాంసన్. పలక కవుల కూటమి, మార్కాపురం. మా దగ్గర ఇంకా చాలామంది ఉండారు సార్. వచ్చేసారి ఒక్కరితో సరిపెట్టొద్దు" అన్నాడు. నిర్వాహకుడు నవ్వి, గురవయ్య మాస్టారి నంబరు ఇంకోసారి రాసుకున్నాడు.

తిరుగు బస్సులో సువార్తమ్మ ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. వెనక సీట్లో వీళ్ళిద్దరూ కూర్చున్నారు. పొదిలి దాటాక వాన పట్టుకుంది. ఎండిన కంది చేల మీద మబ్బు వాలి పొలాలన్నీ నల్లబడ్డాయి.

"బాగా చదివినారు" అంది రేచల్ కిటికీ వైపు చూస్తూ. "ఇంకొకరికి నేర్పిచ్చే ఓపిక ఇంక లేదు నాకు."

"ఇంకొకటి ఉండాది. చదవాల."

"కవితా?"

"కాదు." శ్యాంసన్ తన చేతుల వైపు చూసుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టం." ఆగాడు. వాన చినుకులు అద్దం మీద జారుతున్నాయి. "రోజూ మీ గొంతు వినకపోతే నాకు పొద్దు పోదు." మళ్ళీ ఆగాడు. "మనం పెళ్ళి చేసుకుంటే బాగుంటుందని నాకు అనిపిస్తాంది."

రేచల్ కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. ఆమె చెవి మాత్రం ఎర్రబడింది.

ముందు సీట్లోంచి సువార్తమ్మ గొంతు వినిపించింది. వెనక్కి తిరగనేలేదు. "బాబూ, మా ఆయనకు చెవులు మందం. ఇంటికొచ్చి ఇట్లనే నిదానంగా చెప్పు, అర్థమవుతుంది."

"అమ్మా, నువ్వు నిద్రపోలేదా?"

"పోయినా. ఇష్టం అన్నకాడ మెలకువొచ్చింది." సువార్తమ్మ కొంగు సర్దుకుంది. "ఆదివారం చర్చి అయిపోయినాక వస్తాడా, రాడా? అన్నం వండాల కదా."

శ్యాంసన్ నోరు తెరిచాడు గాని ఎప్పుడూ ఆగని ఆ గొంతులోంచి ఒక్క మాటా బయటికి రాలేదు. రేచల్ అతని వైపు తిరిగి చూసి, అతని చేతి మీద చెయ్యి వేసింది.

"వస్తాడమ్మా" అంది. "వాళ్ళమ్మను కూడా తోలుకొస్తాడు."