రెండో చేతి కొలత

"ఎడమ చెయ్యి కూడా చాపండి."

దర్జీ షాపులో కొత్తగా చేరిన అమ్మాయి పనితనం చూద్దామని, కౌంటర్‌లో కూర్చునే అతను తనకే ఒక చొక్కా కుట్టమన్నాడు.

"కుడిది తీశారుగా! రెండూ ఒకటే కదండీ?"

"ఎవరన్నారు?"

"లోకంలో దర్జీలందరూ!"

"వాళ్లెవరూ మీ చెయ్యి చూడలేదుగా. ఎవరికీ రెండు చేతులూ ఒక్కలా ఉండవు. చొక్కా మాత్రం ఎందుకు అబద్ధమాడాలి?"

అతని ఎడమ భుజం చిన్నప్పటినుంచీ కిందికి జారి ఉంటుంది. అందుకే మండే ఎండలోనూ కోటు విప్పడు. ఇప్పుడు కొలతకని విప్పక తప్పలేదు. టేపు ఆ భుజం మీద ఒక్క క్షణం ఆగింది. ఆమె ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడానికే అతను పడిపోయాడు.

హ్యాంగర్‌కి వంకరగా వేలాడిన ఆ చొక్కా, ఒంటి మీద చక్కగా కుదిరింది. అద్దంలో తనని తాను చూసుకుని మురిసిపోయాడు. తర్వాత దాని మీద కోటు వేసుకున్నాడు.

వారం తిరక్కుండానే ఒకాయన ఆమె కుట్టిన తన చొక్కా తొడిగి చూడకుండానే కౌంటర్ మీద పడేశాడు.

షాపు యజమాని, అంటే అతని బాబాయి, దాన్ని ఎత్తి చూపించాడు. "ఇది చొక్కానా, తక్కెడా? ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి! నీ సిద్ధాంతాలు నా షాపులో కుదరవమ్మా."

ఆమె అతని వైపు చూసింది. అతను కోటు విప్పి, లోపల ఆమె కుట్టిన చొక్కా ఎలా కుదిరిందో చూపిస్తే చాలు. చెయ్యి గుండీ దాకా వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.

ఆమె కత్తెర సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

వానాకాలంలో, ఊరి అవతలి వీధిలో ఆమె పనిచేస్తున్న షాపు కనుక్కున్నాడు. కోటు లేదు. తడిసిన చొక్కాలో జారిన భుజం స్పష్టంగా కనిపిస్తోంది.

"జలుబు చేస్తుంది. కోటేదీ?"

"ఆ రోజే విప్పాల్సింది."

"అవును. ఎదురుచూశాను."

అతను తలవంచుకున్నాడు. "ఇక్కడ రెండు చేతులూ కొలవనిస్తున్నారా?"

"మానేశానండీ. కుడిచెయ్యి చాలు. నాకూ పని కావాలిగా."

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"ఒక చొక్కా కుట్టాలి. పెళ్లికి."

"ఎవరి పెళ్లికి?"

"అది మీరే చెప్పాలి."

ఆమె నవ్వలేదు. కుడిచెయ్యి కొలిచింది. టేపు చుట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపేసింది. బయట వాన పెరిగింది.

"ఎడమది కూడా చాపండి," అంది, కళ్లెత్తకుండానే.