కబసింగా మోసిన బిడ్డ

కిబాలె అడవిలో చింపాంజీలను చూపించడం నా ఉద్యోగం. పద్నాలుగేళ్లుగా చూపిస్తున్నాను. చింపాంజీల మీద నాకింకా విసుగు పుట్టలేదు. వాటిని చూడటానికి వచ్చేవాళ్ల మీద మాత్రం ఎప్పుడో పుట్టింది.

ఆ రోజు కంపాలా నుంచి లుటాయా అనే వ్యాపారి వచ్చాడు. ఒళ్లంతా అత్తరు, కాళ్లకు తెల్ల బూట్లు. అడవికి వచ్చాడో, పెళ్లికి బయల్దేరాడో ఆయనకే తెలియాలి. మాస్కు ఇస్తే గడ్డం కిందికి లాగేసుకున్నాడు.

"మూతికి పెట్టుకోండి అయ్యగారూ. మన జలుబు సోకితే అవి చచ్చిపోతాయి."

"కోతులకి జలుబా! మా డ్రైవరుకే ఇన్ని మర్యాదలు చెయ్యనయ్యా నేను."

నాకు ఒళ్లు మండింది. నిజానికి మండే హక్కు నాకు లేదు. పోయిన ఏడాది ఒకావిడ గేటు దగ్గరే దగ్గుతుంటే, ఒక్క దగ్గుకి ఏమవుతుందిలే అని లోపలికి తీసుకెళ్లింది నేనే. వారం తిరక్కుండా కబసింగా అనే తల్లి చింపాంజీ బిడ్డ చచ్చిపోయింది. తల్లి ఆ శవాన్ని వదల్లేదు. అది ఎండి తోలుముక్కలా అయ్యేదాకా, పంతొమ్మిది రోజులు చంకనేసుకుని తిరిగింది. తర్వాత తనూ కనిపించకుండా పోయింది. ఆ దగ్గు గురించి ఆఫీసులో నోరు విప్పలేదు నేను. చెప్తే ఉద్యోగం ఊడుతుంది. అంతకన్నా, సిగ్గు.

సాయంత్రానికి చింపాంజీలు చెట్లెక్కి, కొమ్మలు వంచి గూళ్లు అల్లుకున్నాయి. అడవి నల్లబడుతోంది. తడి ఆకుల వాసన, కీచురాళ్ల రొద. లుటాయా ఆవలిస్తున్నాడు.

"ఇంతేనా? దీనికా ఇంత దూరం నడిపించావు?"

ఉన్నట్టుండి కీచురాళ్లు ఆగిపోయాయి. ఎండిన తోలు వాసన వచ్చింది. పడుకున్న చింపాంజీలన్నీ లేచి కూర్చున్నాయి. మా వైపే చూస్తున్నాయి... కాదు. మా వెనక్కి.

"పదండి," అన్నాను గుసగుసగా.

"ఒక్క ఫొటో..."

"పదండంటుంటే!"

నేను ముందు నడిచాను. వెనక ఆయన బూట్ల చప్పుడు. దాని వెనక... ఇంకొకటి. పిడికిళ్లు నేలకు ఆన్చి నడిచే చప్పుడు. మెత్తగా. తొందర లేకుండా. నాకు భయం వేసింది. తల తిప్పలేదు.

రోడ్డు మీద ఆపిన మా జీపు దగ్గరికి వచ్చాకే ఆగి చూశాను. వెనక ఎవరూ లేరు, లుటాయా తప్ప. ఆయన ఎడమ చెయ్యి మడిచి పొట్టకు ఆనించుకున్నాడు. ఆ చేతిలో ఏమీ లేదు. దాని చుట్టూ ఈగలు ముసురుతున్నాయి.

"ఏమిటది?"

"నన్నడుగుతావేంటయ్యా? దార్లో నువ్వేగా నా చేతిలో పెట్టావు!"

దారి పొడవునా నేను ఆయనకు ఇరవై అడుగుల ముందున్నాను.

"ఇదిగో, నీది నువ్వే పట్టుకో. చెయ్యి పడిపోతోంది."

పిచ్చివాడితో వాదన ఎందుకు? లోపల నవ్వుకుంటూ చేతులు చాపాను.

బరువుకి చేతులు కిందికి వంగాయి.

"హమ్మయ్య," అంటూ లుటాయా చెయ్యి విదిలించుకుని జీపెక్కాడు. తలుపు వేసుకున్నాడు.

నేను కదల్లేదు. నా బొటనవేలిని చల్లటి వేళ్లు చుట్టుకున్నాయి. చిన్నవి. ఒక్కొక్కటిగా... ఐదు.