మూడో ప్రశ్న

శనివారం పొద్దున ఎనిమిదిన్నర. అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కాకి కాలరు వేస్తోంది. లేత్ మెషిన్ మీద పనిచేసే నాన్న, వారమంతా గోళ్ళలో పేరుకున్న నల్లటి నూనెని పాత బ్రష్షుతో తోముకుంటున్నాడు. ఒక్కగానొక్క కూతురు లంచ్ బాక్సు సంచీలో పెట్టుకుంటోంది. ఇంజనీరింగులో ఆమె పరిశోధనకి ఇది నాలుగో ఏడు. ఇంట్లో అందరూ సైంటిస్టనే పిలుస్తారు. పదేళ్ళప్పుడు గోడ గడియారం విప్పి, తిరిగి బిగించలేక సంపాదించుకున్న పేరది.

"శనివారం కూడా ల్యాబేనా?" దారం కొరుకుతూ అడిగింది అమ్మ.

"ఊఁ."

ఈమధ్య ఆ పిల్ల దగ్గర ఆ ఒక్క అక్షరమే మిగిలింది. పెడితే తింటుంది, పిలిస్తే వస్తుంది. కోపం లేదు, నవ్వూ లేదు. పెద్ద చదువులంటే ఇలాగే ఉంటాయి కాబోలని ఇద్దరూ సరిపెట్టుకున్నారు.

ఇంతలో ఎవరో తలుపు తట్టారు. గుమ్మంలో ఓ అమ్మాయి, చేతిలో కాగితం.

"అక్కా, నిన్న ఈ వారం ఫారం ఇవ్వడం మర్చిపోయాను. ఊరెళ్తూ ఇచ్చిపోదామని వచ్చా." ఆ పైన అమ్మ వైపు తిరిగింది. "మా పరిశోధక విద్యార్థుల సంఘంలో కొత్తవాళ్ళకి తలా ఒక సీనియర్ని ఇస్తారాంటీ. నాకు అక్కనిచ్చారు. అక్క లేకపోతే మొదటి నెలలోనే మూటాముల్లే సర్దుకునేదాన్ని. ఎప్పుడెళ్ళినా సంఘం గదిలోనే ఉంటుంది. పొద్దున తాళం తీసేదీ తనే, సాయంత్రం వేసేదీ తనే."

మిషను ఆగింది. "రోజంతానా?"

"ఆఁ. మేం చేరి నాలుగు నెలలైంది, రోజూ చూస్తున్నాంగా."

అక్క ముఖం చూశాక, అనకూడనిదేదో అన్నానని ఆ అమ్మాయికి అర్థమైంది. కాగితం మిషను మీద పెట్టి గబగబా వెళ్ళిపోయింది.

"మరి ల్యాబుకి ఎప్పుడు వెళ్తున్నావే?"

"వెళ్ళట్లేదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"నాలుగు నెలలైంది." బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

అమ్మకి ఒళ్ళు మండిపోయింది. "నాలుగు నెలలుగా తెల్లారకుండా లేచి నీకు డబ్బా సర్దుతున్నాను. నువ్వేమో అక్కడ కూర్చుని ఊళ్ళో పిల్లలందరికీ దారి చూపిస్తున్నావా? తనకు మాలిన ధర్మమంటే ఇదే. మాతో ఒక్కమాట చెప్పడానికి నోరు రాలేదూ?"

"తప్పు నాది కూడా ఉంది," అన్నాడు నాన్న, బ్రష్షు పక్కన పెట్టి.

ఆమె ప్రయోగానికి ఉక్కు కడ్డీలు కావాలి. ఒక్కోదాన్నీ విరిగేదాకా యంత్రం మీద వంచుతూ, ఎన్నో వంపుకి విరిగిందో లెక్కపెడుతుంది. నెలకి నలభై కడ్డీలు, డ్యూటీ అయ్యాక నాన్నే తన లేత్ మీద చేసిచ్చేవాడు.

"నాలుగు నెలలుగా ఒక్క కడ్డీ అడగలేదు. విరగట్లేదేమో, పని బాగా నడుస్తోందేమో అనుకున్నా. ముప్ఫై ఏళ్ళు ఇనుముతో బతికినవాణ్ణి, విరగని ఇనుముంటుందా?"

అమ్మ విసురుగా కాగితం అందుకుంది, చింపేద్దామనే. అందులో ప్రశ్నలు కూతురి చేతిరాతలో ఉన్నాయి. ఈ వారం ల్యాబుకి ఎన్ని రోజులు వెళ్ళావు? ఆగిపోయిన పనేమిటి? ఆ సంగతి ఎవరికి చెప్పావు? మూడోదాని కింద ఆ వచ్చినమ్మాయి 'అక్కకి' అని రాసింది. అమ్మ ఆ మాట రెండుసార్లు చదివింది.

"నీకు సీనియరెవరే?"

"నాలుగో ఏటి వాళ్ళకి ఎవరూ ఉండరమ్మా."

అమ్మ కాగితం వెనక్కి తిప్పి, గుడ్డ మీద గీతలు గీసే పెన్సిలు తీసింది. "ఇలా కూర్చో. ఈ వారం ఎన్ని రోజులు వెళ్ళావు?"

"అమ్మా..."

"చెప్పు."

"సున్నా."

రాసుకుంది. "ఆగిపోయిన పనేమిటి?"

కూతురు నేల చూస్తూ చెప్పింది. యంత్రంలో బలాన్ని కొలిచే మీటరు మొదటినుంచీ తప్పు చూపిస్తోంది. రెండేళ్ళ లెక్కలూ పనికిరావు. ఆ తప్పు పట్టుకున్నది కూడా తనే. మళ్ళీ మొదలుపెట్టమన్నారు గైడు. "సరేనన్నాను. మర్నాడు ల్యాబు గుమ్మం దాకా వెళ్ళాను, లోపలికి కాలు పడలేదు. ఏడుపు కూడా రాలేదమ్మా. ఏమీ అనిపించట్లేదు."

"అంటే కొలత టేపే తప్పన్నమాట. కోసిన గుడ్డంతా వృథా."

కూతురు మొదటిసారి తలెత్తి చూసింది. "అవునమ్మా. అంతే."

"ఆ సంగతి ఎవరికి చెప్పావు?"

ఎవరికీ అనబోయింది. అమ్మ పెన్సిలు కాగితం మీద ఆగి ఉంది.

"నీకు," అంది. నాలుగు నెలలుగా రాని ఏడుపు అమ్మ ఒళ్ళో ఒక్కసారిగా వచ్చింది. అమ్మ ఒక చేత్తో ఆమె తల నిమురుతూ, రెండో చేత్తో వంకరటింకరగా 'అమ్మకి' అని రాసింది. అక్షరాలు తనకే సరిగ్గా కనబడలేదు.

నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సోమవారం ఆ గుమ్మం దాకా నేనూ వస్తా సైంటిస్టమ్మా. లోపలికి వెళ్ళకపోయినా ఫర్వాలేదు. శనివారం ఇలాగే మీ అమ్మకి చెబితే సరి."