నమూనా అక్క

కలల మేస్త్రీ ఉమాపతి తన కొట్లో కూర్చుని, ఓ పెళ్ళివారికి కడుతున్న కలలో సముద్రం రంగు మారుస్తుండగా పైడితల్లి వచ్చింది. ఎండుచేపల తట్ట గుమ్మంలో దించి, "బాబూ, నా కలలో ఎవులో ఉన్నారు," అంది.

భీమిలిలో ఇప్పుడు ఉత్త నిద్ర పోయేవాళ్ళే లేరు. తలగడ కింద చిన్న బిళ్ళ పెట్టుకుంటే చాలు, కన్ను మూతపడగానే ఎవరి కలగూటికి వాళ్ళు చేరుకుంటారు. కలగూళ్ళన్నిటికీ పునాది ఒక్కటే, స్వప్నపీఠం. దాని మీద మామిడితోటో మంచుకొండో, ఎవరికి నచ్చిన తొడుగు వాళ్ళు వేసుకుంటారు. అంగట్లో దొరికే తొడుగులతో తృప్తిపడని మహానుభావులు కలల మేస్త్రీ దగ్గరికొస్తారు. వాన కురవాలిగానీ తడవకూడదంటారు. ఉమాపతి లోలోపల నవ్వుకుని అలాగే చేసిపెడతాడు. పైడితల్లికి మాత్రం, సముద్రం మింగేసిన వాళ్ళ పాత వీధిని కట్టిచ్చాడు.

"ఎవరు పెద్దమ్మా?"

"గుమ్మంలో కూకుని సింతపండు గింజలు తీత్తాది. ఎడం కనుబొమ్మ మీద మచ్చ."

ఉమాపతి చెయ్యి ఆగిపోయింది. సీతాలక్క!

కొత్త కలగూడు బోసిగా కనిపించకూడదని పీఠంలో ఒక నమూనా మనిషిని పెడతారు. ఆ పని ఒకప్పుడు ఉమాపతికే పడింది. హడావిడిలో సొంత అక్క రూపాన్నే తెచ్చి కూర్చోబెట్టాడు. "రా, కూర్చో, కంగారేం లేదు" అన్న ఒక్క మాట నేర్పాడు. కొనుక్కున్నవాళ్ళు ఆమెను తీసేసి తమవాళ్ళను పెట్టుకోవాలి. ఎవరు తీస్తారు! సంగతి విని అక్క కడుపుబ్బ నవ్వింది. "ఒరేయ్, ఊళ్ళో అందరి గుమ్మాల్లోనూ నన్ను కాపలా పెట్టావుట్రా!"

అక్క పోయి ఏడాది. ఒక్కసారీ అతని కలలోకి రాలేదు. కావాలంటే క్షణంలో కట్టుకోగలడు. కట్టుకుంటే అది రావడమెలా అవుతుంది? తనంతట తను రావాలి. ఆ బెంగతోనే మనిషి సగమయ్యాడు.

"తీసేస్తాలే పెద్దమ్మా," అన్నాడు.

"ఓలమ్మ! తీసీమన్నానేటి? మాకు మాటా మంతీ ఉంది. సేపల బేరం కూడా సెప్తాది. ఆమె ఒకటడుగుతాంది, నాకు తెల్దు. నీకు తెలుస్తాదని వొచ్చినాను."

ఒక్క మాట నేర్చిన నమూనాకి బేరాలెలా వచ్చాయి? పునాది ఒక్కటే కాబట్టి ఆ మనిషీ ఒక్కతే. ఒక గూట్లో విన్నది ఇంకో గూట్లో గుర్తుంటుంది. పీఠం కట్టినవాళ్ళు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఊరంతా రాత్రుళ్ళు అక్కతో కబుర్లాడుతూనే ఉంది.

"ఏమడుగుతోంది?"

"మా తమ్ముడిల్లెక్కడని. అందరి గుమ్మాల్లోనూ కూకున్నాదంట. ఆడింటికి మాత్రం తోవ దొరకనేదంట."

ఉమాపతికి ఏడుపు తన్నుకొచ్చింది. మేస్త్రీ ఇంట్లో నమూనా ఉంటే నామోషీ అని, తన కలగూట్లోంచి మొట్టమొదట తీసేసింది ఆమెనే. ఆమె కూర్చునే చోట గోడ కట్టేశాడు.

పెళ్ళివారి సముద్రాన్ని అలాగే వదిలేసి తన గూడు తెరిచాడు. అక్కను పెట్టలేదు. గోడ మాత్రం పడగొట్టి, పైడితల్లి కలలోని వీధి చివరికి తెరుచుకునేలా, మనిషి కూర్చునేంత వెడల్పు గుమ్మం పెట్టాడు. తలుపు బిగించలేదు.

"ఈసారి అడిగితే, మీ వీధి చివర ఎడం చేతివైపని చెప్పు పెద్దమ్మా. తీసే ఉందని చెప్పు."

పైడితల్లి అతని మొహంలోకి చూసింది. "ఓలమ్మ, ఆ తమ్ముడివి నువ్వేటి?" అంటూ గుమ్మంలోనే కూలబడింది. "ఆ సింతపండంతా నీకే దాత్తాంది బాబూ. పులుసన్నమంటే మావోడికి పేనం అంటాది."

ఆ సంగతి ఉమాపతి నమూనాకి నేర్పలేదు, ఊళ్ళో ఎవరికీ చెప్పనూ లేదు.