టైలరక్క దగ్గర నలభై తాళంచెవులు

“సాయంత్రం నాలుగింటికి నా గోడ బోసిపోతుంది సార్,” అంది టైలరక్క, కుర్చీ చూపించినా కూర్చోకుండా. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది. మిషను మీద నుంచి లేచి తిన్నగా పరుగెత్తుకొచ్చిందని తెలుస్తూనే ఉంది.

ప్రైవేటు డిటెక్టివ్‌ని ఆ వీధిలో అందరూ కళ్ళజోడు అనే పిలుస్తారు. ఆయన పుట్టింది, పెరిగింది, ఆఫీసు తెరిచింది అన్నీ అక్కడే. ఆయన దగ్గర పనిచేసే టైపిస్టు మాత్రం వచ్చి మూడు నెలలే అయింది. ఆయన అన్న మాట ఏదీ వదలకుండా నోటుబుక్కులో ఎక్కించుకుంటుంది, తుమ్మినా సరే.

గోడ సంగతి చెప్పాలంటే ముందు వీధి సంగతి చెప్పాలి. నగరం నడిబొడ్డుకు కూతవేటు దూరం. కింద దుకాణాలు, పైన కాపురాలు. ఒకరింట్లో పసివాడు ఏడిస్తే ఎదురింటావిడ కిటికీలోంచి జోకొడుతుంది. అక్కడ ఎవరికీ పెద్దగా ఆస్తులు లేవు గానీ గర్వానికి మాత్రం లోటు లేదు. అది ఊరికే వచ్చిన గర్వం కాదు. పనికి పోయేవాళ్ళంతా ఇంటి తాళంచెవి టైలరక్క గోడకున్న మేకుకు తగిలించి పోతారు. బడి నుంచి పిల్లలొచ్చినా, కుళాయి బాగుచేసేవాడొచ్చినా ఆవిడే తీసిస్తుంది. పద్దెనిమిదేళ్ళలో ఒక్క చెంచా పోలేదు. ఈ మాట చెబితే పక్క పేటలవాళ్ళు నమ్మరు. నమ్మకపోతే మాకేం అంటారు వీధివాళ్ళు.

“నిన్న పొద్దున పదింటికీ పదకొండింటికీ మధ్య టీచరమ్మ ఇంట్లో వయొలిన్ పోయింది,” అంది టైలరక్క. “తాళం వేసింది వేసినట్టే ఉంది. ఒక చెవి ఆవిడ సంచిలో, రెండోది నా మేకుకి. నేను దుకాణంలోంచి కదల్లేదు, చెవి ఎవరికీ ఇవ్వలేదు. ఇక మిగిలింది నేనేగా? మొహాన ఎవరూ అనలేదు సార్. నాలుగింటికొచ్చి ఎవరి చెవి వాళ్ళు తీసుకుంటామన్నారంతే. దొంగ అని తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.”

“తాళం పాతదా?”

“పోయిన నెలే గడియారాల తాతయ్య కొత్తది బిగించాడు. తాళాలూ ఆయనే చూస్తాడుగా. చెవులు రెండూ టీచరమ్మ చేతికిచ్చాడు. అందులో ఒకటి నాకిచ్చింది.”

“నువ్వెళ్ళి మిషను తొక్కుకో. నాలుగింటికి నేనూ వస్తాను,” అన్నాడు కళ్ళజోడు.

వయొలిన్ టీచర్ ఉండేది తాతయ్య దుకాణం పైనే. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. “రేపు తొమ్మిదింటికి ఊరి చివర సంగీత పాఠశాలలో వాయించి చూపించాలి సార్. నచ్చితే ఉద్యోగంతో పాటు ఇల్లూ ఇస్తారు. అక్కడ చీమ చిటుక్కుమన్నా వినపడుతుందట.”

“వెళ్తున్నట్టు ఎవరికి తెలుసు?”

“అక్కకీ, తాతయ్యకీ చెప్పాను. పన్నెండేళ్ళుగా ఆయన నెత్తిమీదే కదా నా సాధన. మంచిదమ్మా అన్నారు.”

కళ్ళజోడూ టైపిస్టూ కిందికి దిగేసరికి పదకొండు కావస్తోంది. దుకాణం నిండా గడియారాలు ఒకే మాట మీద నడుస్తున్నాయి. మూలనున్న నిలువెత్తు గడియారం ఒక్కటే ఆగి ఉంది. దాని లోలకం బల్లమీద పడుంది. గడియారం ఆగితే అన్నం సహించని మనిషి తాతయ్య. ఆయన ఏదో చెబుతున్నాడు. టైపిస్టు చెవికి చెయ్యి ఆనించి, మళ్ళీ చెప్పండి అని రెండుసార్లు అడిగింది. మూడోసారి ఆయన ఆమె చెవి దగ్గరకొచ్చి అరిచాడు.

“నిన్న పదిన్నరకి మెట్లమీద బూట్ల కిర్రు విన్నాను. పై వాటాలో ఉండే కొత్తాయన బూట్లే అలా కిర్రుమంటాయి. నేనేం ఆయన్ని అనడం లేదమ్మా. విన్నది చెబుతున్నా.”

బయటికొచ్చి నాలుగడుగులు వేశాక కళ్ళజోడు అడిగాడు. “మాటిమాటికీ మళ్ళీ చెప్పమన్నావేం?”

“ప్రింటింగ్ ప్రెస్సు చప్పుడు సార్. పక్కనేగా. రోజూ పది నుంచి పన్నెండు దాకా నా మాట నాకే వినపడదు.”

“ఏ చప్పుడు?” అన్నాడాయన. అని, నడివీధిలో ఆగిపోయాడు. వెనక సైకిలు బెల్లు మోగుతున్నా కదల్లేదు. తర్వాత తిన్నగా ఇనప సామాన్ల కొట్టుకెళ్ళి టీచర్ తలుపుకున్న రకం తాళమే చూపించమన్నాడు. పెట్టె విప్పి లోపలున్న మూడు తాళంచెవుల్నీ ఒకసారి ఆడించి తిరిగిచ్చేశాడు. టైపిస్టు అదీ రాసుకుంది.

నాలుగింటికి టైలరక్క దుకాణం కిటకిటలాడింది. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడటం లేదు. కొందరు అప్పటికే చెవులు తీసి గుప్పిట్లో పెట్టుకున్నారు. బూట్లు కిర్రుమంటూ కొత్తాయన లోపలికొస్తే పక్కకు జరిగి దారిచ్చారు. తాతయ్య మాట అప్పటికే వీధంతా పాకిపోయింది మరి.

“కొత్త తాళంతో మూడు చెవులొస్తాయి,” అని మొదలుపెట్టాడు కళ్ళజోడు. “టీచరమ్మ చేతికి వచ్చినవి రెండు. బిగించినవాడి దగ్గరే మూడోది ఆగిపోయింది. బహుశా మరుపున. నిన్నటిదాకా దానితో పనిపడలేదు.”

అందరూ తాతయ్య వైపు తిరిగారు.

“కొత్తాయన బూట్లు కిర్రుమంటాయి, నిజమే. కానీ పదిన్నరకి పక్కన ప్రెస్సు ఆడుతుంటే, పై మెట్లమీద బూట్లు ఎవరికి వినపడతాయి? ఈ వీధిలో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ చప్పుడు అలవాటైపోయింది. అందుకే తాతయ్య కథ అల్లేటప్పుడు దాన్ని మర్చిపోయాడు. నేనూ మర్చిపోయాను. మా టైపిస్టమ్మ కొత్తది కాబట్టి పట్టుకుంది. ఈ కేసు ఆవిడదే.”

టైపిస్టు రాయడం ఆపేసింది. ఆ మాట రాసుకోవడానికి ఆమెకు సిగ్గేసింది.

“వయొలిన్ ఎక్కడుందో కూడా చెబుతాను. పెద్ద గడియారం లోలకం తీసేస్తే లోపల బోలెడు చోటు.”

తాతయ్య వాదించలేదు. “గీత కూడా పడనివ్వలేదమ్మా, శాలువాలో చుట్టిపెట్టాను,” అన్నాడు టీచర్‌తో. “రేపొక్కరోజు దాటితే చాలనుకున్నా. ఎల్లుండి ఎక్కడో దొరికిందని ఇచ్చేసేవాణ్ణి. ఇంత గొప్ప వీధిని కాదని పోతుంటే ఓర్చుకోలేకపోయాను. నింద అక్క మీదికి పోతుందని తోచలేదు. తోచాక నోరు పెగల్లేదు, ఈ అబ్బాయి పేరు చెప్పేశాను.”

“గొప్ప వీధే తాతయ్యా,” అంది టైలరక్క. “గొప్ప దేంట్లో ఉందో నీకు తెలీదా? ఆ గోడనే ఖాళీ చేయించబోయావు.”

ముసలాయన కొత్తాయన ముందుకెళ్ళి చేతులు జోడించాడు. కొత్తాయన ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. తర్వాత జేబులోంచి తన తాళంచెవి తీశాడు. “ఎనిమిది నెలలుగా అడగడానికి మొహమాటపడుతున్నా,” అన్నాడు. “ఇంకో మేకుందా అక్కా?”

గుప్పిట్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ముందు చెవి తీసినవాళ్ళే ముందు తగిలించారు, తలెత్తకుండా. టైలరక్క సుత్తి అందుకుంది. కళ్ళు తుడుచుకుని కొత్తాయన కోసం మేకు కొట్టింది. నలభై ఒకటోది. పద్దెనిమిదేళ్ళలో అంత గట్టిగా ఏ మేకూ కొట్టలేదు.

“ఉద్యోగం వచ్చినా నా మేకు ఎవరికీ ఇవ్వకక్కా,” అంది టీచర్.

“ఇవ్వను. కానీ తాతయ్యకి శిక్ష వెయ్యాలి,” అంది టైలరక్క. “రేపు పొద్దున వయొలిన్ పెట్టె ఆయనే మోసుకెళ్ళి నిన్ను బస్సెక్కించాలి.”

తాతయ్య టీచర్ వైపు తిరిగాడు.

“బస్సు ఎన్నింటికమ్మా?”

“ఎనిమిదింటికి.”

“ఏడున్నరకే తలుపు కొడతాను,” అన్నాడు.