తొమ్మిదో గాజుపెట్టె గొంతు

మ్యూజియంలో కొత్త ప్రదర్శన రేపే మొదలు. పనివాళ్లు భోజనానికి వెళ్లారు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన హాలంతా పచ్చిరంగు వాసన.

మనిషిని మనిషి తిన్న చరిత్రను నవ్విస్తూ చెప్పాలన్నది ఆలోచన. నవ్వు నాలుగు విధాల చేటని తెలిసీ ఆ నవ్వులన్నీ రాసింది మ్యూజియం పిలిపించిన రచయిత. గాజుపెట్టెల దగ్గర మీట నొక్కితే వినిపించే గొంతు ఆయన భార్యది. ఒకప్పటి గొప్పవాళ్లు మమ్మీలను పొడికొట్టి మందుగా మింగేవారని రాస్తే, "మన డాక్టరుగారి మాత్రలే నయం" అని సొంత ముక్క కలిపేసింది మహాతల్లి. జనం నవ్వుతుంటే చాటుగా నిలబడి వినాలని ఆవిడ ఆశ.

ఎనిమిది పెట్టెలకు చదివింది. తొమ్మిదోది మిగిలుండగానే పోయింది. నలభై రోజులైంది.

"ఒక్కదానికి వేరే గొంతు అతకదు సార్. మొత్తం ఇంకొకావిడతో చదివిస్తాం. ఇక నా బుర్ర తినకండి" అన్నాడు మ్యూజియం అధికారి పొద్దున. రచయిత గుండె చెరువైంది.

ఇప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో పెట్టె దగ్గరా విన్నాడు. నవ్వు రావాల్సిన చోటల్లా ఏడ్చాడు. ఖాళీ అని తెలిసీ తొమ్మిదో మీట నొక్కాడు.

గరగర... ఊపిరి...

"కొన్ని జాతులవాళ్లు తమవాళ్లను చల్లటి మట్టిలో ఒంటరిగా వదల్లేక తినేవారట. ప్రేమకొద్దీ."

ఆవిడే! కానీ ఆ వాక్యం ఆయన రాసింది నిన్న రాత్రి. కాగితం ఇంకా జేబులోనే ఉంది.

"ఏమండీ... బాగా చిక్కిపోయారు."

"తిండి... సయించట్లేదు."

"అబద్ధం. మీ చెల్లెలు మూడుపూటలా దగ్గరుండి తినిపిస్తోందిగా."

నిజమే. అయినా చొక్కాలు వదులవుతూనే ఉన్నాయి.

"మిమ్మల్ని ఒక్కర్నీ వదల్లేక... రోజూ కొంచెం కొంచెం... నొప్పిగా ఉందా?"

పారిపోవాలి. కానీ హెడ్‌ఫోన్‌ను చెవులకు ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"లేదు" అన్నాడు. "నువ్వు లేకుండా ఈ ఒళ్లు నాకెందుకు? తిను."

పనివాళ్లతోపాటు అధికారి తిరిగొచ్చి, హెడ్‌ఫోన్ లాక్కుని విన్నాడు.

"తొమ్మిదోది కూడా ఆవిడే చదివారే! ముందే చెప్పొచ్చుగా! ఇక మార్చం సార్, ఆవిడ గొంతే ఉంటుంది. కానీ... చివర్న ఆ నమిలే చప్పుడు తీసేయిద్దామా?"

వద్దన్నట్టు రచయిత చెయ్యి ఊపాడు. ఆ చేతికి నాలుగు వేళ్లే ఉన్నాయి. గాయం లేదు, చుక్క రక్తం లేదు.