ఎఫ్ ఎయిట్, అశోక్‌నగర్

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఏజెంట్ సృజన్‌ను బైక్ మీద వచ్చినవాళ్లు కాల్చి చంపారు. చనిపోయే ముందు అతను తీసిన ఫొటో మాత్రం ఆఫీసుకు చేరింది. అందులో శత్రుదేశపు కొరియర్ చెవి స్పష్టంగా ఉంది. ముఖం మసకగా ఉంది.

చిక్కడపల్లిలో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు చాటున నడిచే సీక్రెట్ ఆఫీసులో, చీఫ్ ప్రభావతి ఆ ఫొటోను ఏజెంట్ ఇంద్రసేన ముందు పెట్టింది.

"సృజన్ లెన్స్ అపర్చర్ మొత్తం తెరిచి పెట్టిండు. వెలుతురు వచ్చింది, ఫోకస్ జారింది. ఈ కొరియర్ ముఖం ఇంకెక్కడా లేదు మనకు."

"సరుకు ఏంది మేడం?"

"మిసైల్ గైడెన్స్ చిప్. ఇయ్యాల సాయంత్రం అశోక్‌నగర్‌ల చేతులు మారుతది. ఇచ్చేది రాగిణి."

రాగిణిని కొరియర్ ముఠా తమ మనిషి అనుకుంటోంది. ఢిల్లీ విందుల్లో దౌత్యవేత్తల చూపులన్నీ తనవైపే తిప్పుకున్న డబుల్ ఏజెంట్ ఆమె.

"అక్కడనే పట్టుకుంటే?"

"రాగిణి మీద అనుమానం వస్తది, చంపేస్తరు. నువ్వు వాని ముఖం ఫొటో తీస్కరా. ఎయిర్‌పోర్ట్‌ల మేం పట్టుకుంటం."

కెమెరా బ్యాగు పట్టీలో దాగి ఉంటుంది, బటన్ జేబులో. వీధిలోకి దిగాక సెట్టింగులు మార్చే వీలుండదు. ఆటోఫోకస్‌ను నమ్మితే అడ్డం వచ్చిన హెల్మెట్‌ను పట్టుకుంటుంది. ఇంద్రసేన దాన్ని ఆపేసి, వైడ్ లెన్స్ బిగించి, ఫోకస్ పది అడుగుల దగ్గర ఆపాడు. అపర్చర్‌ను ఎఫ్ ఎయిట్‌కు చిన్నది చేశాడు. ఇక దగ్గరి మనిషి నుంచి వీధి చివరి దాకా అంతా స్పష్టంగా పడుతుంది. కదిలే మనిషి చెదరకుండా షట్టర్ వేగం పెంచాడు. వెలుతురు తగ్గితే కెమెరాయే సర్దుకునేలా ఐఎస్ఓను ఆటోమేటిక్‌లో పెట్టాడు.

"ఫొటోల చుక్కలు చుక్కలుగ గ్రెయిన్ వస్తది కదా?"

"రానీయండి మేడం. గ్రెయిన్ ఉన్నా మనిషిని గుర్తుపట్టొచ్చు. ఫోకస్ పోతే ఏం మిగలదు."

మబ్బు పట్టిన సాయంత్రం. కోచింగ్ సెంటర్లు వదలడంతో అశోక్‌నగర్ వీధి కిక్కిరిసింది. పాత పుస్తకాల బండి దగ్గర కాటన్ కుర్తాలో రాగిణి, గ్రూప్స్‌కు చదివే అమ్మాయిలా నిలబడి ఉంది. మాస్క్ పెట్టుకున్న మనిషి ఆమె పక్కకు వచ్చాడు.

"పాత మోడల్ పేపర్లు ఉన్నయా?"

"గ్రూప్ టూవి ఉన్నయి. జర చినిగినయి."

కోడ్ కలిసింది. పుస్తకంలో పెట్టిన చిప్ చేతులు మారింది. రాగిణి అతని చేతిలో చాయ్ గ్లాసు కూడా పెట్టింది. తాగడానికి అతను మాస్క్ దించాడు.

ఇంద్రసేన ఆగకుండా నడుస్తూనే బటన్ నొక్కాడు.

సందు మలుపులో ఫోన్ తీసి, కెమెరా నుంచి అందులోకి వచ్చిన ఫొటో చూశాడు. ముఖం పడింది. వెంటనే ఎయిర్‌పోర్ట్‌కు పంపించాడు. అప్పుడు ఫొటోలో వెనకభాగం మీద అతని చూపు ఆగింది. జిరాక్స్ షాపు మెట్ల మీద ఇంకొకడున్నాడు. వాడు కొరియర్‌ను చూడడం లేదు. సూటిగా బ్యాగు పట్టీలోని లెన్స్‌నే చూస్తున్నాడు.

ఇంద్రసేన వెనక్కి పరుగెత్తాడు. బండి దగ్గర రాగిణి లేదు. ఆమెకు చేసిన ఫోన్ మోగింది, మోగింది, ఆగిపోయింది.

విమానం తలుపు మూయబోతుండగా కొరియర్ దొరికాడు. చిప్ బూటు మడమలో ఉంది. రాగిణి మరునాడు పొద్దున కవాడిగూడ నాలా పక్కన శవమై దొరికింది.

"అపర్చర్ తెరిచి పెడితే ఆ వెనకోడు మసకయ్యేటోడు మేడం. నాకు తెలిసేదే కాదు."

"తెలిసి ఏం చేసినవ్?" అంది ప్రభావతి మెల్లగా.



మధ్యాహ్నానికి ఢిల్లీ నుంచి అభినందనల మెయిల్ వచ్చింది. కింద ఒక సూచన కూడా ఉంది: ఇకపై ఫొటోలు నిలువుగా కాక అడ్డంగా తీసి పంపగలరు, ప్రెజెంటేషన్‌లో సరిగ్గా పట్టడం లేదు.